పాత కారు బాడీ తుప్పు: పునరుద్ధరణ, ఖర్చు

పాతకాలపు కారును మళ్లీ నిలబెట్టే పనిలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు తినేది బాడీకి పట్టిన తుప్పు. ఇంజను, గేర్‌బాక్సు, బ్రేకుల సంగతి వేరు. వాటిని విప్పి కొలిస్తే ఏది అరిగిందో తెలుస్తుంది, అరిగినది తీసి కొత్తది వేస్తే పని ముగుస్తుంది, ఖర్చు కూడా చాలావరకు ముందే చెప్పవచ్చు. తుప్పు విషయంలో ఆ వెసులుబాటు లేదు. రంగు మీద రూపాయి బిళ్లంత పొక్కు కనిపించిన చోట లోపల అరచేతి వెడల్పున రేకు పోయి ఉండవచ్చు. రంగు గీకేదాకా మేస్త్రీకీ తెలియదు, యజమానికీ తెలియదు.

ఈ ఖర్చును అర్థం చేసుకోవడానికి ఒక సంగతి గుర్తుంటే చాలు. బిల్లులో రేకు వాటా చాలా తక్కువ, మనిషి చేతి గంటల వాటా చాలా ఎక్కువ. తుప్పు తినేది ఇనుమునే అయినా యజమాని చెల్లించేది కాలానికి. అంచనాలు ఎందుకు తప్పుతాయో, చవక మరమ్మతు చివరికి ఎందుకు భారమవుతుందో, ఒకే పనికి ఒక కారుకు ఒక ధర, ఇంకో కారుకు ఇంకో ధర ఎందుకో ఈ లెక్కతోనే తేలుతుంది. బ్రిటన్‌లో తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఇందుకు మంచి ఉదాహరణ. అందుకే ఈ వ్యాసం దాన్ని కాస్త దగ్గరగా పరిశీలిస్తుంది.

తుప్పు పట్టే తీరు

ఇనుముకు నీరు, గాలిలోని ఆక్సిజన్ రెండూ తగిలితే తుప్పు పుడుతుంది. ఇది విద్యుత్ రసాయన చర్య. నీటిలో ఉప్పు కలిస్తే విద్యుత్తు సులువుగా సాగుతుంది, తుప్పు వేగం పెరుగుతుంది. శీతాకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే బ్రిటన్, ఉత్తర ఐరోపా, అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పాత కార్లు తుప్పుకు ఎక్కువగా బలవడానికి కారణం ఇదే. పొడి వాతావరణం ఉన్న కాలిఫోర్నియా, అరిజోనాల్లో అదే మోడల్ కారు రంగు వెలిసిపోయినా రేకు గట్టిగా ఉంటుంది. సముద్ర తీరంలో ఉప్పుగాలి అదే కీడు చేస్తుంది.

తుప్పుకు ఇంకో గుణం ఉంది. తాను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసిన అతుకులోకి తేమ చేరితే, అక్కడ పుట్టిన తుప్పు ఉబ్బి రెంటినీ విడదీస్తుంది. ఆ సందులోకి మరింత నీరు దిగుతుంది.

కారుకు తుప్పు ముందుగా పట్టేది వాన తగిలిన చోట కాదు, వాన ఆరని చోట. తలుపుల అడుగు అంచులు, తలుపుల కింద పొడవునా ఉండే సిల్, చక్రాల పైన బురద పేరుకునే మడ్‌గార్డు మూలలు, కార్పెట్ కింద ఫ్లోరు, డిక్కీలో స్పేర్ టైరు గుంట, అద్దాల రబ్బరు కింది అంచు: ఇవన్నీ తడి నిలిచే చోట్లే. వాన నీరు బయటికి పోవడానికి కంపెనీ పెట్టిన చిన్న రంధ్రాలు మట్టితో పూడుకుపోతే ఆ పెట్టెలు లోపలి నుంచే చివికిపోతాయి.

1950, 60 దశకాల కార్లలో చాలావాటికి ఆ పెట్టెల లోపలి గోడలకు ప్రైమర్ సరిగా అందేది కాదు. బాడీని తొట్టిలో ముంచి విద్యుత్తు సాయంతో ప్రైమర్ పట్టించే పద్ధతిని 1960లలో ఫోర్డ్ కంపెనీ కార్ల తయారీలోకి తెచ్చింది. తర్వాత అది పరిశ్రమ అంతటా పాకింది. పోర్షే 1976 మోడల్ నుంచి 911 బాడీకి జింకు పూసిన ఉక్కు వాడింది. 1980లలో ఆడి కూడా ఆ దారి పట్టింది. తుప్పు ఒక కంపెనీ పేరును ఎంత దెబ్బతీస్తుందో చెప్పడానికి లాంచియా బీటా కారు ఉదాహరణగా మిగిలింది. ఇంజను బరువు మోసే భాగం బాడీకి కలిసే చోట తుప్పు తినేయడంతో 1980లో బ్రిటన్‌లో లాంచియా ఆ కార్లను కొన్నవారి దగ్గరి నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

బాడీ కట్టుబడిని బట్టి ఖర్చు

కారు ఎలా కట్టారన్నదే పనిని, ఖర్చును మొదట నిర్ణయిస్తుంది.

విడి ఛాసీ ఉన్న కార్లలో బరువంతా కింద ఉన్న ఫ్రేము మోస్తుంది. బాడీని బోల్టులు విప్పి పైకెత్తి రెంటినీ వేరువేరుగా బాగుచేయవచ్చు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఈ రకం.

మోనోకాక్ కార్లలో విడి ఫ్రేము ఉండదు. ఫ్లోరు, సిల్‌లు, స్తంభాలు, పైకప్పు కలిసి ఒకే గుల్లలా బరువు మోస్తాయి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, ఎంజీబీ ఇలాంటివే. వీటిలో తుప్పు పట్టిన సిల్ అందం తగ్గిన భాగం మాత్రమే కాదు, విరిగిన ఎముకతో సమానం.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి ఖరీదైన కార్లకు కోచ్‌బిల్డర్లు చెక్క చట్రం కట్టి పైన లోహపు రేకు తొడిగేవారు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ‘సింహాసన కారు’ ఆ కోచ్‌బిల్డర్ల యుగానికి చెందినదే. ఇలాంటి వాటిలో రేకు పనికి వడ్రంగం తోడవుతుంది. ఆస్టన్ మార్టిన్ డీబీ4, డీబీ5 వంటి కార్లలో సన్నని ఉక్కు గొట్టాల మీద అల్యూమినియం రేకు తొడిగారు. రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదానికొకటి తగిలితే అల్యూమినియం కూడా చివుకుతుంది. అల్యూమినియం తుప్పు పట్టదులే అనే ధీమా అక్కడ చెల్లదు.

ఎంజీబీ: ఒక సిల్ మరమ్మతు దగ్గర నుంచి

ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి 1962 నుంచి 1980 వరకు వెలువడిన ఎంజీబీ బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో ఎంతో పేరు తెచ్చుకుంది. పైకప్పు లేని రోడ్‌స్టర్, 1965లో వచ్చిన కప్పు ఉన్న జీటీ కలిపి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. దానికి ముందు వచ్చిన ఎంజీఏకు విడి ఛాసీ ఉండేది, ఎంజీబీకి లేదు. పైన కప్పూ లేక, కింద ఫ్రేమూ లేక నడుము వంగకుండా నిలవాలంటే రోడ్‌స్టర్‌కు ఆధారం రెండు పక్కలా ఉన్న సిల్‌లే.

బయటి నుంచి సిల్ ఒక పట్టీలా కనిపిస్తుంది. నిజానికి అది రేకులతో కట్టిన పెట్టె దూలం. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, వాటి మధ్య నిలువుగా ఇంకో పొర, అడుగున కాసిల్ రైల్ అని పిలిచే మడత పట్టీ ఉంటాయి. ముందు చక్రం విసిరే బురద ముందు మడ్‌గార్డు వెనక మూలలో చేరి, సిల్ మొదట్లో తడిగా కూర్చుంటుంది. తుప్పు సాధారణంగా అక్కడ మొదలై లోపలి పొరకు పాకుతుంది. బయటి రేకు మీద పొక్కు తేలేసరికి మధ్య పొర జల్లెడై ఉంటుంది.

ఇక మరమ్మతు. బయటి సిల్ రేకు తలుపు కింద ఆగిపోదు. ముందు మడ్‌గార్డు చాటుకు, వెనక మడ్‌గార్డు అడుగుకు సాగిపోయి ఉంటుంది. కాబట్టి సక్రమంగా మార్చాలంటే బోల్టులతో బిగించిన ముందు మడ్‌గార్డు విప్పాలి, వెల్డింగ్ చేసిన వెనక మడ్‌గార్డు కింది భాగం కోయాలి. సిల్ కోయడానికి ముందే కారును సమతలంగా నిలిపి, తలుపు ఉండే ఖాళీలో అడ్డంగా ఇనుప బద్దె వెల్డ్ చేసి నడుము కట్టాలి. ఒక పక్క పని పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. కొత్త రేకులు క్లాంపులతో పట్టించాక తలుపు తగిలించి, మూసి, చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూడాలి. తేడా ఉంటే సవరించాలి. నాలుగైదు చోట్ల చుక్కలు పెట్టి మళ్లీ తలుపు మూసి చూడాలి. అప్పుడే పూర్తి వెల్డింగ్.

ఈ తలుపు పరీక్షలకే గంటలు గడుస్తాయి, బిల్లు చూసినవారికి ఆ గంటలు కనబడవు. వాటిని వదిలేసి నడుము వంగి ఉన్నప్పుడే వెల్డ్ చేస్తే ఆ వంపు శాశ్వతమవుతుంది. ఆ తర్వాత ఆ తలుపు ఎన్నటికీ సరిగా మూసుకోదు. పాత ఎంజీబీ కొనబోయేవారు కారును జాకీతో పక్కన లేపి తలుపు తెరిచి చూస్తారు. సిల్ బలం పోయి ఉంటే పైసందు మూసుకుపోయి తలుపు బిగుసుకుంటుంది.

పని దశలు

మొదట కారును విప్పి, ప్రతి దశనూ ఫొటో తీసి, విప్పిన భాగాలకు చీటీలు కట్టాలి. తర్వాత పాత రంగు, పాత లప్పం తీసేయాలి. ఇసుకతో కొడితే పని త్వరగా అవుతుంది గాని ఒక మిల్లీమీటరు మందం కూడా లేని వెడల్పాటి రేకు వేడికి, దెబ్బకు అలలు తేలుతుంది. బానెట్, తలుపుల వంటి వాటికి మెత్తని సోడా పొడి నయం. ఆమ్లపు తొట్టిలో ముంచితే మూలమూలల తుప్పూ పోతుంది, కానీ అతుకుల్లో ఆమ్లం మిగిలితే కొత్త రంగు కింద నుంచి మళ్లీ తుప్పు లేస్తుంది.

రెండో దశ కోత. తుప్పు కనిపించిన మేరకే కాకుండా ఆరోగ్యమైన లోహం తగిలేదాకా కోయాలి. మూడోది కొత్త రేకు అమర్చడం. సన్నని రేకుకు గ్యాస్ వెల్డింగ్ వేడి ఎక్కువ కాబట్టి ఇప్పుడు మిగ్, టిగ్ పద్ధతులు ఎక్కువగా వాడతారు. ఒకే ఊపులో గీత లాగితే రేకు వంకరపోతుంది. అందుకే చుక్క ఇక్కడ ఒకటి, జానెడు దూరంలో ఒకటి పెట్టి, చల్లారాక మధ్య చోటు నింపుకుంటూ వస్తారు. కొత్త రేకు దొరకని భాగాన్ని సుత్తి, దిమ్మె, ఇంగ్లిష్ వీల్ అనే చక్రాల యంత్రంతో చేత్తో మలుస్తారు. గంటలు అన్నిటికంటే ఎక్కువ పట్టేది ఇక్కడే.

నాలుగోది అతుకు చదును చేయడం. ప్లాస్టిక్ ఫిల్లర్ రాకముందు ఈ పనికి సీసం వాడేవారు. ఇప్పటికీ నిష్ఠగా చేసేవారు సీసమే వాడతారు. అతుకు మీద ముందుగా తగరం పూత ఎక్కించి, సీసం, తగరం కలిసిన కడ్డీని సన్నని మంటతో వెన్నలా మెత్తబడేదాకా వేడిచేసి, కొవ్వు రాసిన చెక్క తెడ్డుతో పరిచి, చల్లారాక ఆకురాయితో దిద్దుతారు. మంట కాస్త ఎక్కువైతే సీసం కారిపోతుంది, తక్కువైతే పట్టదు. సీసం ధూళి ప్రమాదకరం కనుక యంత్రంతో రాపిడి పెట్టరు, చేతి ఆకురాయే వాడతారు. చివరిది ప్రైమర్, రంగు, పెట్టెల లోపల మైనం చల్లడం.

ఖర్చు లెక్క

గంటకు 60 పౌండ్లు తీసుకునే షెడ్డులో ఎంజీబీకి ఒక పక్క సిల్ మార్చే పని 30 గంటలు అనుకుందాం. రేకులకు, తీగకు, గ్యాసుకు కలిపి 150 పౌండ్లు వేసుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు. షెడ్డును బట్టి, కారు స్థితిని బట్టి మారతాయి.

- చేతిపని: 1,800 పౌండ్లు
- సామగ్రి: 150 పౌండ్లు
- బ్రిటన్‌లో 20 శాతం వ్యాట్: 390 పౌండ్లు
- మొత్తం: 2,340 పౌండ్లు

పన్ను కలపక ముందు మొత్తంలో సామగ్రి వాటా నూటికి 8 పౌండ్లు కూడా లేదు. రేకు ధర రెట్టింపైనా బిల్లు పెద్దగా కదలదు. కోశాక లోపలి పొర, ఫ్లోరు అంచు కూడా పోయాయని తెలిసి మరో 15 గంటలు పడితే, సామగ్రిని పెంచకుండానే మొత్తం 3,420 పౌండ్లకు చేరుతుంది. ఒక్క పక్కకే 1,080 పౌండ్లు పెరిగిందన్నమాట. అంచనాలు తప్పడం అంటే ఇదే. అందులో మేస్త్రీ మోసం ఉండనక్కర్లేదు.

ఇదే ధరకు మొత్తం బాడీ పని 400 గంటలనుకుంటే చేతిపని ఒక్కటే 24,000 పౌండ్లు, పన్నుతో 28,800 పౌండ్లు అవుతుంది. లక్షల సంఖ్యలో తయారైన ఎంజీబీ వంటి కారు బాగుపడ్డాక ఆ మొత్తం తిరిగి తేవడం కష్టం. అరుదైన ఖరీదైన కారుకు అదే గంటలు వెచ్చించినా విలువలో తిరిగి వస్తాయి. సుత్తి దెబ్బకు కారు ధర తెలియదు. సామాన్యుడి కారుకూ, సంపన్నుడి కారుకూ ఒకే శ్రమ పడుతుంది. అందుకే సామాన్యమైన పాత కార్లు మిగలడం ఎక్కువగా వాటిని ప్రేమించేవారి మీదే ఆధారపడుతుంది.

గుత్తకు మాట్లాడుకోవాలా, గంటల లెక్కన ఇవ్వాలా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. గుత్త అయితే యజమానికి ధైర్యం, కానీ దాగిన తుప్పు బయటపడినప్పుడు దాన్ని కప్పేయాలనే ఒత్తిడి మేస్త్రీ మీద పడుతుంది. గంటల లెక్క అయితే పని నిజాయితీగా సాగే వీలుంది, కానీ అంతు కనబడదు. రెంటికీ మధ్య దారి ఒకటుంది. విప్పి, రంగు తీసే పనిని మొదట ఒక మొత్తానికి చేయించుకుని, రేకు బయటపడ్డాక మిగతా పనికి అంచనా తీసుకోవాలి. కంటికి కనిపించే లోహానికి ఇచ్చిన అంచనాయే నిలుస్తుంది.

కొత్త గుల్ల అనే దారి

గంటలే ఖర్చు అయినప్పుడు గంటలు తగ్గించే ఉపాయమే పొదుపు. ఎంజీబీ చరిత్రలో అలాంటి ఉపాయం ఒకటి జరిగింది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ కారుకు సంబంధించిన అసలు ప్రెస్ అచ్చులను వెతికి పోగుచేసి, 1988లో ఎంజీబీ పూర్తి బాడీ గుల్లను మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టింది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని విట్నీ నుంచి ఆ సంస్థ పని సాగిస్తోంది. మిడ్జెట్, మినీ కార్ల గుల్లలు కూడా తర్వాత వచ్చాయి. బాగా చివికిన కారుకు వందల గంటల అతుకుల పని కంటే కొత్త గుల్ల కొని, పాత కారు భాగాలు అందులోకి మార్చడం కొన్నిసార్లు చవక. ఈ గుల్లల ఆధారంతోనే 1992లో రోవర్ ఎంజీ ఆర్‌వీ8ను తెచ్చింది. దాదాపు 2,000 కార్లు తయారయ్యాయి, అందులో ఎక్కువ జపాన్‌కు వెళ్లాయి.

ఇంకో దారి పొడి ప్రాంతాల నుంచి కారు తెచ్చుకోవడం. ఎంజీబీలలో ఎక్కువ భాగం అమెరికాకే ఎగుమతి అయ్యాయి కనుక, కాలిఫోర్నియా ఎండలో నిలిచిన కార్లు మళ్లీ బ్రిటన్‌కు వస్తున్నాయి. సీట్లు, డాష్‌బోర్డు ఎండకు పగిలినా సిల్‌లు గట్టిగా ఉంటాయి. సీటు కుట్టించడం సిల్ కట్టడం కంటే ఎంతో చవక.

భారతదేశంలో

మన రోడ్ల మీద ఉప్పు చల్లరు. తుప్పుకు ఇక్కడ కారణం వానాకాలం, తీరప్రాంతపు ఉప్పుగాలి, పూడుకుపోయిన నీటి రంధ్రాలు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి ఊళ్లలో ఆరుబయట నిలిపిన కారుకూ, తీరానికి దూరంగా షెడ్డులో ఉన్న కారుకూ ఫ్లోరు తేడాగా ఉంటుంది.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా ఉత్తర్‌పారాలో పుట్టిన అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ఫియట్ 1100 వారసురాలైన ప్రీమియర్ పద్మిని అంతకు ముందే ఆగిపోయింది. కంపెనీ రేకు దొరకని చోట షీటు కొని చేత్తో మలిచే టింకరింగ్ మేస్త్రీలే దిక్కు. ఇక్కడ గంట ధర బ్రిటన్‌తో పోలిస్తే చాలా తక్కువ, పని ఎక్కువగా గుత్తకే సాగుతుంది. బిల్లు తీసుకుంటే సర్వీసు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. చేతిపని చవక కావడం వల్ల ఇక్కడ ఒక మేలు జరుగుతోంది: ఐరోపాలో కొత్త రేకు కొని మార్చే భాగాన్ని ఇక్కడ సుత్తితో తయారుచేయగల మేస్త్రీలు ఇంకా ఉన్నారు. ఆ విద్య తర్వాతి తరానికి అందకపోతే, ఎన్ని డబ్బులున్నా కొన్ని కార్లను నిలబెట్టడం సాధ్యం కాదు.

కేంద్రం 2021లో సవరించిన మోటారు వాహన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన, అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్‌గా రిజిస్టర్ చేయవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము రూ. 20,000, గడువు 10 ఏళ్లు, నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి. ఛాసీ, బాడీ గుల్ల, ఇంజనులను గణనీయంగా మార్చి ఉండకూడదన్నది షరతు. కాబట్టి సిల్ మార్చేటప్పుడు పాత ఆకారం, పాత కొలత పాటించడం అందానికే కాక చట్టానికీ అవసరం.

కప్పేసిన తుప్పు

తుప్పు పట్టిన చోట రేకు ముక్క పెట్టి రివెట్లు కొట్టడం, ఫైబర్ గుడ్డ అంటించడం, పైన లప్పం పెట్టి రంగు కొట్టడం, అడుగున మందంగా తారు పూయడం అన్ని దేశాల్లోనూ ఉన్న అలవాటే. కింద తేమ బందీ అవుతుంది, తుప్పు ఇంకా వేగంగా నడుస్తుంది. తర్వాత అసలు పని చేసేవాడు ముందు ఆ లప్పం, తారు తీయడానికే గంటలు వెచ్చించాలి. చవక పనికి ఒకసారి, దాన్ని విప్పడానికి ఒకసారి, అసలు పనికి ఒకసారి డబ్బు పోతుంది.

కొనేటప్పుడు పలచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని తలుపుల అడుగున, మడ్‌గార్డుల చుట్టూ నడిపించాలి. లప్పం మందంగా ఉన్న చోట అయస్కాంతం పట్టదు. కార్పెట్ ఎత్తి ఫ్లోరు చూడాలి, సిల్‌ను అడుగు నుంచి తట్టి వినాలి. గట్టి రేకు మోగుతుంది, చివికిన రేకు మొద్దుగా పలుకుతుంది. బ్రిటన్ ఎంఓటీ తనిఖీలో సీటు బెల్టు, సస్పెన్షన్ బిగించే చోట్లకు 30 సెంటీమీటర్ల లోపు బరువు మోసే భాగంలో ప్రమాదకరమైన తుప్పు ఉంటే కారు తప్పుతుంది. 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని కార్లకు 2018 నుంచి ఆ తనిఖీ తప్పనిసరి కాదు. అంటే ఆ కార్ల సిల్‌ల బాధ్యత ఇప్పుడు పూర్తిగా యజమాని మీదే ఉంది.

ఎంతవరకు బాగుచేయాలి

1966లో ఏర్పడిన అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా, తన టురిన్ చార్టర్‌లో అసలు లోహాన్ని, అసలు రంగును వీలైనంత నిలుపుకోవాలని చెబుతుంది. కొత్తదిలా మెరిపించడానికి గట్టి రేకును కూడా కోసి పారేస్తే ఖర్చూ పెరుగుతుంది, చరిత్రా పోతుంది. బరువు మోసే చోట రాజీ పడకూడదు. బరువు మోయని చోట ఆగిన తుప్పును శుభ్రం చేసి, కాపాడి, ఉన్నదున్నట్టు ఉంచడం తప్పు కాదు. చేసిన పనికి ఫొటోలు, బిల్లులు దాచడం చాలా అవసరం. వెల్డింగ్ మీద రంగు పడ్డాక మంచి పనికీ చెడ్డ పనికీ సాక్ష్యం అవే.

అన్నిటికంటే చవక మరమ్మతు తుప్పు పట్టకముందు చేసేదే. వానాకాలం ముగిశాక మడ్‌గార్డుల లోపల బురద కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పెట్టెల లోపల మైనం చల్లాలి. సిల్ అడుగున చిటికెన వేలు కూడా దూరని రంధ్రాలుంటాయి. వాటిని తీగతో పొడిచి మట్టి రాల్చడానికి పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఎవరూ కేటాయించని కార్లకే తర్వాత ముప్పై గంటల పని పడుతుంది.